తాడు పట్టుకుంటే అది ముగ్గు కాదా?

పోయిన సంక్రాంతికి విశాఖలో మా కాలనీలో ముగ్గుల పోటీ పెడితే 16 రేకుల పద్మం వేశాను, అడ్డంగా కొలిస్తే సరిగ్గా 10 అడుగులు. ఆరింటికి మొదలు, తొమ్మిదింటికి ఆపేయాలి, మూడు గంటల టైము. నేను ఎనిమిదిన్నరకే లేచి కాళ్ళు కడుక్కున్నా. జడ్జిగా వచ్చినావిడ చుట్టూ ఒకసారి తిరిగి, చాలా బాగుందమ్మా అని, మళ్ళీ రెండోసారి తిరుగుతూ పీట పక్కన చుట్టి పెట్టిన దారం చూసి ఆగిపోయారు. "ఇదేంటమ్మా, తాడు కట్టి వేశారా?" అన్నారు. అవునండీ అన్నా. "అయితే ఇది ఇంజినీరింగ్ డ్రాయింగ్ అవుతుంది గానీ ముగ్గెలా అవుతుంది, చేత్తో వేస్తేనే కదా ముగ్గు" అని కాగితం మీద ఏదో రాసుకుని పక్క ముగ్గుకి వెళ్ళిపోయారు.

ప్రైజు రాకపోతే రాకపోయింది, ముప్పై ఏళ్ళ నుంచి వేస్తున్నా, ప్రైజు కోసం వేసే వయసు దాటిపోయింది. కానీ ఆ మాట మాత్రం ఏడాదంతా మనసులో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే ఆవిడ ఒక్కరే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు, తాడు పట్టుకున్నా స్కేలు పట్టుకున్నా చెయ్యి చేతకాదని అర్థం అన్నట్టు మాట్లాడతారు. అది తప్పని నా గట్టి నమ్మకం. పెద్ద ముగ్గు అసలు ఎలా నిలబడుతుందో తెలిస్తే ఆ మాట ఎవరూ అనరు.

మా మామ్మ దగ్గర్నుంచి మొదలుపెడతా. మామ్మది భీమిలి దగ్గర పల్లెటూరు, నెలగంట పెట్టిన రోజు నుంచి కనుమ దాకా రోజూ చీకటితోనే లేచి కళ్ళాపి చల్లి ముగ్గు వేసేది. నేను పక్కన కూచుని ఎంతసేపూ గీతలు ఎప్పుడు గీస్తుందా అని చూసేదాన్ని, ఆవిడేమో చుక్కల దగ్గరే సగం టైము గడిపేసేది. "ఏటే గుంటా ఆ తొందర, చుక్క తిన్నగా ఎట్టు ముందు, గీత దానికదే వచ్చేత్తాది" అనేది. ఆవిడ చుక్క పెట్టే పద్ధతి ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఎడమ చేతి నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి తడి నేల మీద ఆనించేది, చిటికెన వేలు పక్కన కుడి చేత్తో చుక్క పడేది, మళ్ళీ చెయ్యి ఎత్తి ఆ చుక్క పక్కన ఆనించేది, మళ్ళీ చుక్క. వరస అయ్యేసరికి చుక్కల మధ్య ఆ పేడ నేల మీద నాలుగేసి వేళ్ళ అచ్చులు లీలగా కనిపించేవి, గీతలు పడ్డాక అవి చెరిగిపోయేవి. దాన్నే కదా బెత్తెడు అంటాం. బెత్తెడు, జాన, మూర, ఇవన్నీ కొలతలే, మామ్మ ఒంటి మీదే ఉన్న కొలతలు. ఆవిడ కొలవకుండా ఒక్క ముగ్గు కూడా వెయ్యలేదు. ఆ మాటకొస్తే చుక్క అనేదే కొలత, ముగ్గు అయిపోయాక చుక్కని ఎవరూ చూడరు, అది గీతకి దారి చూపించడానికి పెట్టింది. మరి చుక్క పెడితే తప్పు లేనిది దారం పెడితే ఎలా తప్పవుతుంది?

చుక్కల్లో ఎంత లెక్క ఉందో ఒకసారి కూర్చుని చూడండి. "15 చుక్కలు, 8 వచ్చేవరకు, మధ్య చుక్క" అని అందరం నోటికి చెప్పేస్తాం, అంటే మధ్య వరస 15, పైకీ కిందకీ ఒక్కోటి తగ్గించుకుంటూ 8 దాకా, ఏ చుక్కైనా కింద రెండు చుక్కల సందులో పడాలి. మొత్తం 169 చుక్కలు. దాని ఆకారం ఆరు పలకలు, అందుకే దాంట్లో ఆరు రేకుల పువ్వులూ ఆరు మూలల నక్షత్రాలూ అంత చక్కగా కుదురుతాయి. అదే "15 నుంచి 1 దాకా సరి చుక్కలు" అయితే చుక్క మీద చుక్క, వరసకి రెండేసి తగ్గుతాయి, మొత్తం 113 చుక్కలు, అది నాలుగు పలకలది, దాంట్లో నాలుగు వైపులా ఒకేలా వచ్చేవే కుదురుతాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్తా, నేను కూడా పదిహేనేళ్ళు చేశాను. మధ్య చుక్క ముగ్గుకి చుక్కకీ చుక్కకీ మధ్య 4 అంగుళాలు పెట్టి వరసకీ వరసకీ మధ్య కూడా 4 అంగుళాలే పెడతాం. అలా పెడితే పువ్వు నిలువుగా సాగిపోతుంది, కోడిగుడ్డులా అన్నమాట. వరసల మధ్య మూడున్నర ఉండాలి. చుక్కల మధ్య ఎంత పెడితే వరసల మధ్య దాంట్లో ఎనిమిదో వంతు తగ్గించుకోవాలి, అంతే, ముగ్గు గుండ్రంగా కూర్చుంటుంది. చిన్న ముగ్గులో ఈ తేడా తెలీదు, 15 చుక్కలకి వచ్చేసరికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

సరే, చుక్కలతో అన్నీ అయిపోతాయా అంటే అవ్వవు. 8 రేకుల పద్మం తీసుకోండి, అష్టదళ పద్మం, లక్ష్మీదేవి పూజకి వేసేది. సరి చుక్కల్లో నాలుగు రేకులు తిన్నగా వస్తాయి, మిగతా నాలుగు మూలలకి పోతాయి, కానీ 4 అంగుళాల చుక్కల్లో మూల మీది చుక్క ఐదున్నర పైనే దూరం ఉంటుంది, కాబట్టి మూల రేకులు పొడుగైపోతాయి. 5 రేకులైతే ఏ చుక్కల వరసలోనూ అచ్చంగా రానే రావు, వరసల్లో పెట్టిన చుక్కలకి ఆ గుణం లేదు. మన పెద్దవాళ్ళకి ఈ సంగతి తెలుసు. హృదయ కమలం చూడండి, తమిళ వాళ్ళూ మనమూ వేసేది, దాంట్లో చుక్కలు వరసల్లో ఉండవు, మధ్యలోంచి 8 వైపులకి, ఒక్కో వైపు 5 చుక్కలు, బండి చక్రం ఆకుల్లా పెడతారు. అంటే వరసలు పనికిరాని చోట కేంద్రం పెట్టుకుని చుట్టూ పంచుకోవాలని అప్పుడే కనిపెట్టేశారు. ఈ ముగ్గుల లెక్క మీద మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ వాళ్ళు 1970ల్లో పనిచేశారు, 1974లో కమలా కృతివాసన్ గారితో కలిసి కంప్యూటర్ గ్రాఫిక్స్ పత్రికలో వ్యాసం కూడా వేశారు, కోలంలో, అంటే తమిళ వాళ్ళ ముగ్గులో, ఒక వ్యాకరణం ఉందని. వాకిట్లో ఆడవాళ్ళు వేసేదాంట్లోంచి వాళ్ళకి కంప్యూటర్ సైన్సుకి పనికొచ్చే లెక్క దొరికింది. మనం మాత్రం లెక్క కనపడితే ఇది ముగ్గు కాదంటున్నాం.

నేను తాడు ఎప్పుడు పట్టుకున్నానో చెప్తా. చాలా ఏళ్ళ క్రితం, అప్పుడు గోపాలపట్నంలో అద్దెకి ఉండేవాళ్ళం, కనుమ ముందు రోజు రాత్రి వీధి మధ్యలో 12 రేకుల తామర మొదలుపెట్టా. చేత్తోనే, కంటి అంచనాతోనే. ఒక రేకు వేయడం, దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. పదకొండు రేకులు అద్భుతంగా వచ్చాయి, పన్నెండో రేకుకి చోటు లేదు. మిగిలిన సందు మామూలు రేకులో సగం కూడా లేదు. దాంట్లోనే ఇరికించా, మొగ్గలా వచ్చింది, పొద్దున్న అందరూ బాగుంది అన్నారు గానీ ప్రతి ఒక్కరి కళ్ళూ ఆ రేకు మీదకే వెళ్తున్నాయి, నాకు తెలుస్తూనే ఉంది. నేను రేకు రేకుకీ ఒక అంగుళం ఎక్కువ పోనిచ్చా, అంగుళం అంటే ఏం కనపడుతుంది, కానీ పదకొండు రేకులకి పదకొండు అంగుళాలు, అన్నీ వచ్చి చివరి రేకు నెత్తిన పడ్డాయి. పక్కపక్కనే పేర్చుకుంటూ పోయే పని ఏదైనా ఇంతే, తప్పు కూడా పేరుకుంటూ పోతుంది.

ఆ తర్వాత పెందుర్తి వైపు మా ఇల్లు కట్టించేటప్పుడు పునాదికి ముగ్గు పోయడానికి మేస్త్రీ వచ్చాడు. అవును, దాన్ని కూడా ముగ్గు పోయడమే అంటాం. ఆయన నాలుగు మేకులు, ఒక దారం, డబ్బాలో సున్నం పొడి, అంతే తెచ్చుకున్నాడు. మూలమట్టం చిన్నది, ఇంత పెద్ద స్థలానికి దాన్ని నమ్మకూడదమ్మా అని, దారం మీద ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య అడ్డంగా సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా దారం జరిపాడు. వచ్చింది, మూల తిన్నగా కుదిరింది. నేను అక్కడే నిలబడి చూస్తున్నా, నా తామర కళ్ళ ముందు మెదిలింది. ఈయన ముగ్గుకి దారం కావాలి, నా ముగ్గుకి వద్దా?

అప్పటినుంచి నేర్చుకున్నది ఇప్పుడు చెప్తా, వేసేవాళ్ళకి పనికొస్తుంది. మధ్యలో మేకు, దానికి దారం, దారం రెండో కొసకి చాక్‌పీసు, అది పట్టుకుని చుట్టూ తిరిగితే వలయం, పద్ధతి ఇంతే.

ముందు దారం. పురికొస వాడకండి, లాగితే సాగుతుంది, తడి తగిలితే బిగుసుకుంటుంది, సాయంత్రం కొలిచింది పొద్దున్నకి ఉండదు. నేను వలలు కుట్టే నైలాన్ దారం వాడతా, ఫిషింగ్ హార్బర్ వైపు దొరుకుతుంది, మరీ గుంజి పట్టుకోకుండా వంకర లేకుండా తిన్నగా అయ్యేంత మాత్రం లాగితే చాలు. రెండోది మేకు దగ్గర ముడి. ఇది చాలామందికి తెలీదు, తెలీక వలయం ఎందుకు కలవట్లేదో అర్థం కాక తల పట్టుకుంటారు. ముడి మేకుకి బిగించి కట్టేస్తే మీరు చుట్టూ తిరిగే కొద్దీ దారం మేకుకి చుట్టుకుంటూ పోతుంది, చుట్టుకున్న కొద్దీ పొట్టిదవుతుంది, మొదలెట్టిన చోటికి వచ్చేసరికి గీత లోపలికి వచ్చేసి ఉంటుంది, శంఖం మీద గీతలా. సన్న మేకైతే తేడా కొంచెమే, మేకు కొట్టలేని సిమెంట్ రోడ్డు మీద నీళ్ళ బాటిల్ పెట్టి దానికి కడతారు చూడండి, అక్కడ జానెడు తేడా వచ్చేస్తుంది. ముడి కాదు, వదులుగా తిరిగే ఉంగరంలా వెయ్యాలి. నేను పాత తాళంచెవుల రింగు కట్టా, అది మేకు చుట్టూ హాయిగా తిరుగుతుంది. సిమెంట్ మీదైతే మా అబ్బాయి స్క్రూడ్రైవర్ నిలువుగా పట్టుకుని కూర్చుంటాడు, దానికే రింగు తగిలిస్తా.

వలయం అయ్యాక పంచడం. 6 భాగాలు అన్నిటికంటే తేలిక, వలయం గీసిన దారం పొడుగే ఉంచి వలయం మీద ఏదో ఒక చోటు నుంచి గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే ఆరో గుర్తు వచ్చి మొదటిదాని మీద పడుతుంది. పడకపోతే దారం ఎక్కడో జారినట్టు, అక్కడే ఆగి సరిచూసుకోవాలి, గీతలు పడ్డాక ఏం చెయ్యలేం. ఆ ఆరు గుర్తుల దగ్గరా రింగు పెట్టి అదే దారంతో వలయం లోపల ఒక వంపు గీస్తే చాలు, ఆరు రేకుల పువ్వు దానంతటదే విచ్చుకుంటుంది, మీరు ఒక్క రేకు కూడా ఊహించి వెయ్యక్కర్లేదు, మొదటిసారి అది నేల మీద వచ్చినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. 8 కావాలంటే మేస్త్రీ 3-4-5 తో నాలుగు వైపులు తిన్నగా పెట్టుకుని, తర్వాత సగం చెయ్యాలి. సగం చెయ్యడానికి లెక్క అక్కర్లేదు, రెండు గుర్తుల మధ్య దారం పట్టుకుని మధ్యకి మడిస్తే అదే సగం, కేంద్రం నుంచి ఆ సగం మీదుగా దారం లాగితే వలయం మీద కొత్త గుర్తు. 6 ని సగం చేస్తే 12, 8 ని సగం చేస్తే 16. ఇలా చేస్తే తప్పు పేరుకోదు, ఎందుకంటే పక్కదాన్ని చూసి పక్కది పెట్టట్లేదు, ప్రతి గుర్తూ దాని రెండు వైపుల నుంచీ పుడుతుంది. ఐదు రేకులకి మాత్రం మడత పనిచెయ్యదు, 5 అడుగుల దారంతో గీసిన వలయానికి గుర్తుకీ గుర్తుకీ మధ్య 5 అడుగుల పదిన్నర అంగుళాలు పెట్టండి, ఐదూ సరిపోతాయి. 10 అడుగుల ముగ్గుకి నోటికి పెట్టుకోదగ్గ కొలత అది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, మా ఆడపడుచే అంటుంది, "దారానికి అలవాటు పడితే చెయ్యి మొద్దుబారిపోతుంది వదినా" అని. ఆ మాటలో నిజం ఉంది. అందుకే ధనుర్మాసం నెలంతా వాకిట్లో వేసే ముగ్గుకి నేను దారం ముట్టుకోను, ఏడు చుక్కలో తొమ్మిది చుక్కలో, చేత్తోనే. కానీ చేతికీ కంటికీ ఒక హద్దు ఉంది. కూర్చున్న చోటు నుంచి చెయ్యి అందినంత మేర, అంటే ఓ మూడడుగులు, అంతవరకు కన్ను అబద్ధం చెప్పదు. అది దాటాక చెప్తుంది. మనం ఒక పక్కన కూర్చుని చూస్తాం కదా, అవతలి రేకులు దూరంగా ఉండి పొట్టిగా కనిపిస్తాయి, కన్ను వాటిని సరిచెయ్యమంటుంది, మనం అవతలివి కొంచెం పెద్దగా వేసేస్తాం, లేచి అటు వెళ్ళి చూస్తే అప్పుడు తెలుస్తుంది. పది అడుగుల ముగ్గు వేసేవాళ్ళు ఎంత గొప్ప చేతి నేర్పు ఉన్నా దాని లోపల కూర్చుని ఉంటారు, మొత్తం వాళ్ళకి కనపడదు. కనపడనిదాన్ని చెయ్యి ఎలా సరిచూసుకుంటుంది? మేడ మీద నుంచి ఫోన్‌లో ఫోటో తీసి దాన్ని తలకిందులు చేసి చూడండి, వంకర ఉంటే వెంటనే పట్టేస్తారు, నేను గీతలు అయ్యాక రంగుకి ముందు ఒకసారి తప్పకుండా చూస్తా.

మరి అచ్చులూ రోలర్లూ జల్లెడ ముగ్గులూ కూడా సాయమే కదా, అవి కూడా ఒప్పుకుంటారా అని అడగొచ్చు. ఒప్పుకోను, పోటీలో అయితే అస్సలు ఒప్పుకోను. దారం నాకు ఎక్కడ అనేది చెప్తుంది, ఏంటి అనేది చెప్పదు. అదే 16 గుర్తుల మీద నేను పద్మం వేస్తా, పక్కావిడ నెమళ్ళు వేస్తుంది, ఇంకొకరు దీపాలు. అచ్చు అయితే ఎవరు నొక్కినా అదే నెమలి. మధ్యలో ఒకటి ఉంది, అది నాకు తేలడానికి చాన్నాళ్ళు పట్టింది: న్యూస్ పేపర్ సగానికి మడిచి సగం రేకు గీసి కత్తిరించి, విప్పి, ఆ రేకునే పదహారు చోట్లా పెట్టి చుట్టూ చాక్‌పీసుతో గీసుకోవడం. అది కూడా అచ్చే కదా అని కొన్నాళ్ళు మానేశా. తర్వాత ఆలోచిస్తే ఆ రేకు నేను గీసింది, నా చేతి వంపు, దాన్ని తీసుకెళ్ళి పదహారు చోట్ల పెట్టడం తప్పెలా అవుతుందనిపించింది. మళ్ళీ వాడుతున్నా. ఎవరైనా దీన్ని ఒప్పుకోకపోతే వాళ్ళతో గట్టిగా వాదించను, ఇది నిజంగానే అటూ ఇటూ తేల్చలేని విషయం.

ఇక రంగులు. అందరికీ ముందు రంగులే గుర్తొస్తాయి, పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి నెల ముందే పది రంగులు తెచ్చేసుకుంటాం. నేను ముందు రేకులు లెక్కపెట్టుకుని తర్వాత రంగులు కొంటా. 12 రేకులకి రెండు రంగులూ కుదురుతాయి, మూడూ కుదురుతాయి, నాలుగూ కుదురుతాయి, అయిదు కుదరవు. 8 రేకులకి మూడు రంగులు వరసగా వేసుకుంటూ పోతే ఎరుపూ పసుపూ మూడేసి, ఆకుపచ్చ రెండే, గీత ఎంత కొలతగా ఉన్నా ముగ్గు ఒక వైపుకి ఒరిగినట్టు ఉంటుంది, చూసేవాళ్ళకి ఎందుకో తెలీదు గానీ ఏదో తేడాగా ఉందే అంటారు. తాడుతో తెచ్చుకున్న తీరుని రంగుతో పాడుచేసుకోవడం అంటే ఇదే.

రంగు దేంట్లో కలుపుతామన్నది కూడా ముఖ్యం. ముగ్గు పిండిలో కలిపితే రంగు వెలిసిపోయినట్టు పాలిపోతుంది, ఇసుకలో కలిపితే ముదురుగా ఉంటుంది, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారుతుంది. కొంతమంది ఉప్పులో కలుపుతారు, మెరుస్తుంది నిజమే, కానీ మన విశాఖ గాలికి ఉప్పు పనికిరాదు, తెల్లారేసరికి చెమ్మ లాగేసి రంగు పక్క గడిలోకి పాకిపోతుంది. బీచ్ ఇసుకలోనూ ఉప్పే, పైగా మన తీరం ఇసుకలో నల్ల చారలు ఉంటాయి చూడండి, ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు, అవి ఉంటే పసుపు రంగు మట్టి కొట్టుకుపోయినట్టు వస్తుంది. ఏటి ఇసుకే మంచిది, కడిగి, ఆరబెట్టి, పిండి జల్లెడ పట్టి. ఎంత కావాలంటే, 10 అడుగుల వలయం పూర్తిగా నింపాలంటే మిల్లీమీటరు మందానికి ఏడు లీటర్ల పైచిలుకు పడుతుంది, బరువు చూస్తే 11 కేజీల దాకా. సగంలో ఒక రంగు అయిపోయి మళ్ళీ కలిపితే అదే రంగు రాదు, మొదటే ఎక్కువ కలుపుకోవాలి.

నింపడానికి టీ వడగట్టేది చాలు. దాని నిండా పొడి పోసి చూపుడు వేలితో అంచు మీద మెల్లగా తడుతూ ఉండాలి, నేలకి బెత్తెడు ఎత్తులో తడితే గీత లోపలే పడుతుంది, జానెడు ఎత్తుకి వెళ్తే గీత దాటేస్తుంది. రేకు మొదట్లో ముదురు, చివరికి వచ్చేసరికి లేత, మధ్యలో రెండూ కలిసే చోట వేలి కొసతో కాదు, ఆరిన మెత్తటి బ్రష్‌తో ఒక్కసారి, ఒకే వైపుకి. రెండోసారి రాస్తే మురికి అవుతుంది. మహారాష్ట్ర వాళ్ళు పిడికిలి నిండా పొడి పట్టుకుని వేళ్ళ సందుల్లోంచి వదులుతూ లావు గీతలు, వలయాలు చకచకా వేసేస్తారు, రోడ్డు నిండేంత పెద్దవాటికి అది మంచి పద్ధతి, మన చిటికెడు ముగ్గుకి అంత జోరు రాదు. కానీ సన్న గీత మనదే. రంగులన్నీ అయ్యాక చివర్లో తెల్ల ముగ్గుతో చిటికె పట్టి అంచులన్నీ మళ్ళీ గియ్యాలి, ముందు గీసిన గీత అప్పటికి రంగుల కింద సగం పోయి ఉంటుంది. ఈ చివరి గీతకి దారం అక్కర్లేదు, కింద దారి ఉంది కాబట్టి చెయ్యి దాని మీద నడుస్తూ పోతుంది. జడ్జి గారు చూసి బాగుంది అన్న గీత అదే, నా చేతి గీత.

గాలి సంగతి చెప్పకపోతే విశాఖలో ఉన్నట్టే కాదు. జనవరి పొద్దున్న గాలి నేల మీంచి సముద్రం వైపుకి మెల్లగా పోతూ ఉంటుంది, ముగ్గుకి ఇబ్బంది లేదు. ఎండెక్కి నేల వేడెక్కాక గాలి అటు తిరిగి సముద్రం మీంచి ఊళ్ళోకి కొడుతుంది, పదీ పదకొండు మధ్య. ఎంవీపీ కాలనీలో మా పిన్ని వాళ్ళది బీచ్ వైపు వీధి, ఒకసారి తొమ్మిదింటికి మొదలుపెట్టి పన్నెండుకి చూస్తే నీలం అంతా పక్క గేటు కింద ఉంది. అందుకని గీతలు రాత్రే వేసుకుని రంగు పొద్దున్నే ముగించాలి, అయ్యాక స్ప్రే బాటిల్‌తో నిలువెత్తు నుంచి మంచులా నీళ్ళు పడనివ్వాలి, దగ్గర్నుంచి కొడితే గుంటలు పడతాయి. నేల తడి కూడా చూసుకోవాలి, అరచేతి వెనక ఆనిస్తే చల్లగా ఉండాలి, చేతికి నీళ్ళు అంటకూడదు. ఆ పదును దొరికితే పొడి నేలని పట్టుకుంటుంది.

ఇంకొక్క మాట. పెద్ద ముగ్గు నలుగురు కలిసి వేసేటప్పుడు ఎవరి భాగం వాళ్ళు పంచుకుంటారు, నువ్వు ఈ రెండు రేకులు, నేను ఈ రెండు రేకులు అని. అలా చేస్తే ఎంత కొలిచినా లాభం లేదు, ఒకరి చిటికె లావు, ఒకరిది సన్నం, ఒకరు రంగు మందంగా పోస్తారు, పైనుంచి చూస్తే నాలుగు ముక్కలు అతికించినట్టు ఉంటుంది. పని పంచుకోవాలి. ఒకరు పదహారు రేకుల అంచులూ గీస్తారు, ఒకరు పదహారింట్లోనూ పసుపే నింపుతారు, ఒకరు తెల్ల చుక్కలే పెట్టుకుంటూ తిరుగుతారు. అప్పుడు ఒక్కొక్కరి చేతి తీరు ముగ్గంతా సమానంగా పరుచుకుంటుంది. మధ్యలోంచి బయటికి రావాలి, ఎవరైనా లోపలికి వెళ్ళాల్సి వస్తే రెండు ఇటుకల మీద చెక్క వేసుకుని దాని మీద కూర్చోవాలి.

ఈసారి కనుమకి మా వీధిలో నలుగురం కలిసి 20 అడుగులది వేద్దామనుకుంటున్నాం, మధ్యలో పద్మం, చుట్టూ ఎనిమిది రథాలు. ఒక రథం తాడు గీత బయటికి లాగి పక్కింటి రథం ముగ్గుకి కలపాలి, వాళ్ళు వాళ్ళ పక్కింటికి, అలా వీధి చివరి దాకా. పోటీకి కూడా పేరు ఇచ్చా. ఈసారి దారం చుట్టి పీట పక్కన పెట్టను, జడ్జిలు వచ్చేదాకా రింగు మేకుకే ఉంచేస్తా, అడిగితే అక్కడే గీసి చూపిస్తా.

మీరు కూడా వేద్దామనుకుంటే దారం 12 అడుగులది కొనుక్కోండి. 20 అడుగుల వలయానికి 10 చాలు కదా అనుకుంటారు, రింగు దగ్గర ముడికి, చాక్‌పీసు దగ్గర ముడికి కలిపి అడుగు పైనే పోతుంది, అర్ధరాత్రి షాపులు ఉండవు.